ఇంట్లో పేషెంటు మెషిన్ మీద ఉండగా కరెంటు పోతే: ముందు జాగ్రత్త నుంచి కరెంటు తిరిగొచ్చేదాకా

ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గదిలోని గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషిన్), బైప్యాప్ (మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపి ఊపిరికి సాయపడేది), వెంటిలేటర్, సక్షన్ మెషిన్ (గొంతులో చేరే కఫాన్ని లాగేసేది)... వీటిలో ఏదో ఒకటి ఇంట్లో ఉన్నవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఏ ఇన్వర్టర్ కొనాలి?" దానికి జవాబు కింద మూడో మెట్టులో ఉంది. అంతకంటే ముందు చేయాల్సిన పనులు రెండున్నాయి. అవి చేయకపోతే ఎంత పెద్ద ఇన్వర్టర్ పెట్టినా అర్ధరాత్రి చేతులు వణకడం తప్పదు.

మా నాన్నగారు నాలుగేళ్లు కాన్సంట్రేటర్ మీద ఉన్నారు. ఇక్కడ రాసినవాటిలో కొన్ని మేం పొరపాటు చేసి నేర్చుకున్నవే. నేను ఇచ్చే వాట్లు, గంటలు లెక్క వేసుకోవడానికి పనికొచ్చే అంచనాలు. మీ పేషెంటుకు ఎంత ఫ్లో (నిమిషానికి వెళ్లే ఆక్సిజన్ లీటర్లు) పెట్టాలి, శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంత ఉండాలి అన్నది మాత్రం చూస్తున్న డాక్టరుగారే చెప్పాలి.

## 1. డాక్టరుగారిని ఈ ప్రశ్న అడగండి: మెషిన్ లేకుండా ఎంతసేపు ఉండగలరు?

మిగతా ఏర్పాట్లన్నీ ఈ జవాబు మీదే ఆధారపడతాయి. స్థూలంగా మూడు రకాల పరిస్థితులుంటాయి.

నిమిషాలు కూడా ఆగలేనివాళ్లు. ట్రాకియాస్టమీతో (ఊపిరి కోసం మెడ దగ్గర శ్వాసనాళానికి పెట్టిన రంధ్రం) పూర్తిగా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు, ఎక్కువ ఫ్లోలో ఆక్సిజన్ తీసుకునేవాళ్లు. వీళ్లకు ఒక బ్యాకప్ చాలదు. కరెంటుతో పని లేని బ్యాకప్ ఒకటి మంచం పక్కనే ఉండాలి.

కొద్ది గంటలు నెట్టుకురాగలవాళ్లు. తక్కువ ఫ్లోలో ఆక్సిజన్ మీద ఉండి, కదలకుండా కూర్చుంటే కొంతసేపు తట్టుకునేవాళ్లు, రాత్రిళ్లు మాత్రమే బైప్యాప్ పెట్టుకునేవాళ్లు.

ఒకటి రెండు రాత్రులు ఆగగలవాళ్లు. స్లీప్ ఆప్నియాకు (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) సీప్యాప్ అనే మాస్క్ మెషిన్ వాడేవాళ్లలో చాలామంది ఈ కోవలోకి వస్తారు.

మీ పేషెంటు ఏ కోవకు చెందుతారో మీరే ఊహించుకోవద్దు. ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు ఈ నాలుగూ అడిగి కాగితం మీద రాయించుకోండి:

- మెషిన్ ఆగితే ఎంతసేపట్లో ప్రమాదం?
- శాచురేషన్ ఎంతకు దిగితే ఆస్పత్రికి బయల్దేరాలి?
- సిలిండర్ మీద ఎంత ఫ్లో పెట్టాలి? అవసరమైతే ఎంతవరకు తగ్గించవచ్చు, ఎంతవరకు పెంచవచ్చు?
- మెషిన్‌కు బదులు తాత్కాలికంగా వాడదగ్గది ఏదైనా ఉందా?

మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. సీఓపీడీ (దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్న చాలామందికి డాక్టర్లు 88 నుంచి 92 శాతం మధ్య శాచురేషన్ చాలంటారు. కంగారులో ఫ్లో పెంచేస్తే వాళ్ల ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారిపోయే ప్రమాదం ఉంది.

## 2. మెషిన్ ఎంత కరెంటు తీసుకుంటుందో కొలవండి

మెషిన్ వెనక స్టిక్కర్ మీద ఉండేది సాధారణంగా గరిష్ఠ అంకె. ప్లగ్‌కు, సాకెట్‌కు మధ్య పెట్టే చిన్న వాట్ మీటర్ దొరుకుతుంది. దాన్ని పెట్టి, మీరు వాడే సెట్టింగ్‌లోనే అరగంట నడిపి చూడండి. మీటర్ లేకపోతే స్టిక్కర్ అంకెనే లెక్కలోకి తీసుకోండి. కాస్త ఎక్కువే లెక్కేసినా నష్టం లేదు.

సుమారుగా ఇలా ఉంటుంది:

- 5 లీటర్ల కాన్సంట్రేటర్: 300 నుంచి 350 వాట్లు
- 10 లీటర్ల కాన్సంట్రేటర్: 500 నుంచి 600 వాట్లు
- సీప్యాప్ లేదా బైప్యాప్, హ్యుమిడిఫైయర్ (గాలికి తేమ కలిపే భాగం) ఆపేసి: 30 నుంచి 60 వాట్లు. హ్యుమిడిఫైయర్ వేడి, వేడి గొట్టం ఆన్ చేస్తే దీనికి రెండింతలు కావచ్చు.
- కంప్రెసర్ నెబ్యులైజర్: 100 నుంచి 150 వాట్లు, కానీ పది పదిహేను నిమిషాలే

ఇక బ్యాటరీ లెక్క. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీలో కాగితం మీద ఉండేది 12 × 150 = 1800 వాట్ అవర్లు. అందులో సగమే మీది అనుకోండి, అంటే 900. లెడ్ యాసిడ్ బ్యాటరీని అడుగంటా పీల్చేస్తే త్వరగా పాడవుతుంది, పైగా లోడు పెరిగేకొద్దీ అది ఇచ్చే మొత్తం తగ్గుతుంది.

350 వాట్ల కాన్సంట్రేటర్ నడవాలంటే, ఇన్వర్టర్‌లో పోయే నష్టం కూడా కలిపి బ్యాటరీ నుంచి దాదాపు 410 వాట్లు లాగుతుంది. 900 ని 410 తో భాగిస్తే రెండు గంటల పైచిలుకు. బ్యాటరీ కొత్తదైతే ఇంకాస్త రావచ్చు. అయినా "ఇన్వర్టర్ ఉంది కదా, రాత్రంతా వస్తుంది" అనుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చాలు, ఎక్కడున్నారో తెలిసిపోతుంది.

అదే బ్యాటరీ మీద 40 వాట్ల సీప్యాప్ రెండు రాత్రులు హాయిగా నడుస్తుంది.

## 3. ఇన్వర్టర్: కొనేముందు, బిగించాక

ప్యూర్ సైన్ వేవ్ (మెయిన్ లైన్ లాంటి కరెంటే ఇచ్చే ఇన్వర్టర్) మాత్రమే తీసుకోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కంప్రెసర్ ఉన్న మెషిన్లు గుర్రుమంటాయి, వేడెక్కుతాయి, కొన్ని అసలు స్టార్టే కావు.

స్టార్టింగ్ లోడు చూసుకోండి. 350 వాట్ల కాన్సంట్రేటర్ మొదలయ్యే క్షణంలో రెండు మూడు రెట్లు అడగవచ్చు. దీనికి 1000 వీఏ (ఇన్వర్టర్ సామర్థ్యాన్ని చెప్పే కొలత) కంటే తక్కువ ఇన్వర్టర్ వద్దు. పది లీటర్ల మెషిన్‌కు ఇంకా పెద్దది కావాలి.

మోడ్ స్విచ్ చూడండి. చాలా ఇన్వర్టర్లకు వెనకో ముందో యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఉంటాయి. నార్మల్ మోడ్‌లో కరెంటు మారేటప్పుడు వచ్చే చిన్న గ్యాప్‌కే కొన్ని మెషిన్లు ఆగి, మళ్లీ మొదటి నుంచి స్టార్టవుతాయి. యూపీఎస్ మోడ్‌లో పెట్టండి.

ఆ ఇన్వర్టర్ మీద ఇంకేమీ ఉండకూడదు. ఇన్వర్టర్ లైన్‌లో ఇల్లంతా ఫ్యాన్లు, టీవీ, రూటర్ ఉంటే పైన వేసిన లెక్క అక్కరకు రాదు. వీలైతే మెషిన్‌కు విడిగా ఒక ఇన్వర్టర్ పెట్టండి. వీలు కాకపోతే కరెంటు పోగానే ఏయే స్విచ్‌లు ఆపాలో స్విచ్ బోర్డు మీదే రాసి అంటించండి.

మేం చేసిన తప్పు చెబుతాను. ఒక రాత్రి కరెంటు పోయిన సంగతే మాకు తెలియలేదు. ఫ్యాను తిరుగుతోంది, మెషిన్ శబ్దం వినిపిస్తోంది, అంతా మామూలుగానే ఉందని పడుకున్నాం. ఇన్వర్టర్ చప్పుడు లేకుండా బ్యాటరీని తాగేసి మూడింటికి ఆగిపోయింది. కాన్సంట్రేటర్ అలారం మోగాలి, మోగలేదు. దాని లోపలుండే చిన్న 9 వోల్టుల బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. నాన్నగారు చేత్తో మంచం కొడితే మా అమ్మకు మెలకువ వచ్చింది. చీకట్లో సిలిండర్ దొరికింది కానీ, దాన్ని తిప్పే కీ వంటింటి సొరుగులో ఉంది. ఆ నాలుగు నిమిషాలు నేను ఈ జన్మలో మరిచిపోను.

అందుకే ఈ మూడూ ఇవాళే చేయండి:

- ఇన్వర్టర్‌కు కలపని, నేరుగా మెయిన్ లైన్ మీదున్న సాకెట్‌లో కరెంటు పోతే గట్టిగా మోగే అలారం పెట్టండి. అది పడుకునే గదిలో వినపడాలి.
- కాన్సంట్రేటర్ నడుస్తుండగా ప్లగ్ తీసి అలారం మోగుతుందో లేదో చూడండి. ఈ పరీక్ష పేషెంటును సిలిండర్ మీదకు మార్చాకే చేయాలి.
- సిలిండర్ కీని సిలిండర్‌కే తాడుతో కట్టండి.

బ్యాటరీకి నెలకోసారి నిజమైన పరీక్ష పెట్టాలి. పేషెంటు సిలిండర్ మీద ఉండగా మెయిన్ ఆపేసి, మెషిన్‌ను ఇన్వర్టర్ మీద నడిపి, ఎంతసేపు వచ్చిందో నోటుబుక్‌లో రాయండి. కిందటిసారి రెండుంబావు గంటలు వచ్చినది ఈసారి గంటన్నరకు పడిపోతే బ్యాటరీ మార్చే సమయం వచ్చినట్టే. నీళ్లు పోసే బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మట్టం కూడా అప్పుడే చూడండి.

## 4. ఆక్సిజన్ సిలిండర్: కరెంటు అక్కర్లేని బ్యాకప్

కాన్సంట్రేటర్ మీద ఉన్న ఇంట్లో నిండు సిలిండర్ లేకపోతే, ఇన్వర్టర్ కంటే ముందు దాన్నే తెచ్చుకోమంటాను. బ్యాటరీ మోసం చేయవచ్చు. సిలిండర్‌లో ఎంత ఉందో గేజ్ మీద కళ్లకు కనబడుతుంది.

ఎంతసేపు వస్తుందో లెక్క: సిలిండర్ నీటి సామర్థ్యం (లోపల ఎన్ని లీటర్ల నీళ్లు పడతాయో ఆ అంకె) లీటర్లలో × గేజ్ మీది ప్రెషర్ బార్‌లలో = ఆక్సిజన్ లీటర్లు. దాన్ని నిమిషానికి ఫ్లోతో భాగించండి.

ఉదాహరణకు 10 లీటర్ల సిలిండర్, గేజ్ మీద 150 బార్ అంటే 1500 లీటర్లు. ఫ్లో నిమిషానికి 2 లీటర్లయితే 750 నిమిషాలు, పన్నెండున్నర గంటలు. ఫ్లో 5 లీటర్లయితే ఐదు గంటలే. ఇందులోంచి ఐదోవంతు తీసేసి మిగతాదే మీది అనుకోండి. గేజ్ పీఎస్ఐలో ఉంటే ఆ అంకెను 14.5 తో భాగిస్తే బార్ వస్తుంది. కేజీ పర్ స్క్వేర్ సెంటీమీటర్ అని ఉంటే దాదాపు బార్ కిందే లెక్క.

సిలిండర్ మీదకు మార్చే క్రమం:

1. ఫ్లో మీటర్ నాబ్ సున్నాలో ఉందో చూడండి.
2. కీతో వాల్వ్‌ను మెల్లగా తెరవండి. ఒక్కసారిగా తిప్పవద్దు.
3. గేజ్ చదవండి. టైము, ప్రెషర్ నోటుబుక్‌లో రాయండి.
4. డాక్టరుగారు చెప్పిన ఫ్లో పెట్టండి.
5. గొట్టం చివర గ్లాసు నీళ్లలో ముంచండి. బుడగలు వస్తే ఆక్సిజన్ వస్తున్నట్టు. తుడిచి ముక్కుకు పెట్టండి.
6. అయిదు నిమిషాలకు పల్స్ ఆక్సీమీటర్‌తో చూడండి.

రెగ్యులేటర్ ఎప్పుడూ బిగించే ఉండాలి, వాల్వ్ మాత్రం మూసి ఉండాలి. బిగింపు దగ్గర బుస్సుమంటే వాషర్ చూడండి. దాని మీద నూనె, గ్రీజు, వ్యాజిలైన్ ఏదీ రాయకూడదు. ఒత్తిడితో వచ్చే ఆక్సిజన్‌కు నూనె తగిలితే దానంతటదే అంటుకోగలదు. సిలిండర్‌ను నిలువుగా, గోడకు గొలుసుతో కట్టి ఉంచండి.

కొవ్వొత్తి వద్దు. కరెంటు పోగానే చెయ్యి వెళ్లేది దాని మీదకే. ఆక్సిజన్ వాడే గదిలో కొవ్వొత్తి, దీపం, అగ్గిపుల్ల, సిగరెట్ ఏదీ ఉండకూడదు. మంటకు కనీసం మూడు మీటర్ల దూరం ఉండాలి. ఆక్సిజన్ ఆపేశాక కూడా దుప్పటిలో, బట్టల్లో అది కాసేపు నిలిచే ఉంటుంది. టార్చిలైట్లే వాడండి.

## 5. మిగతా మెషిన్లకు బదులు ఏం చేయాలి

వెంటిలేటర్. లోపలి బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో మాన్యువల్లో ఉంటుంది, కానీ అది కొత్త బ్యాటరీ అంకె. వేడి హ్యుమిడిఫైయర్ సాధారణంగా ఆ బ్యాటరీ మీద నడవదు. దాని బదులు హెచ్‌ఎంఈ ఫిల్టర్ (వదిలిన ఊపిరిలోని తేమను, వేడిని పట్టి ఉంచేది) పెట్టాలి. రెండూ కలిపి ఒకేసారి పెట్టకూడదు. మంచం తల దగ్గర అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి ఇచ్చే సంచి) వేలాడుతూ ఉండాలి, సొరుగులో కాదు. పెద్దవాళ్లకు అయిదారు సెకన్లకు ఒకసారి నొక్కాలి, ఛాతీ లేస్తుందో లేదో చూస్తూ. ఇది చదివి వచ్చే పని కాదు. ఆస్పత్రిలో నర్సు దగ్గర ఇంట్లో కనీసం ఇద్దరు నేర్చుకోండి. ఒక్కరి చేతులు ఎంతోసేపు ఆగవు.

సక్షన్. బ్యాటరీ ఉన్న మెషిన్‌ను ఎప్పుడూ ఛార్జింగ్‌లో ఉంచండి. తోడుగా కాలితో లేదా చేత్తో నడిపే సక్షన్ పంపు ఒకటి పెట్టుకోండి. ట్రాకియాస్టమీ ఉన్నవాళ్లకు ఇది లేకుండా ఒక్క గంట కూడా భరోసా లేదు.

సీప్యాప్, బైప్యాప్. మెషిన్ ఆగితే మాస్క్ వెంటనే తీసేయండి. వదిలిన గాలినే మళ్లీ పీల్చే అవకాశం ఉంది. బ్యాటరీ మీద నడిపేటప్పుడు హ్యుమిడిఫైయర్ ఆపండి, ఇది ఒక్కటి చేస్తేనే గంటలు పెరుగుతాయి. కంపెనీ ఇచ్చే డీసీ అడాప్టర్ ఉంటే ఇన్వర్టర్ నష్టం కూడా తప్పుతుంది. సీప్యాప్ వాడేవాళ్లు మెషిన్ లేని రాత్రి తల ఎత్తుగా పెట్టి పక్కకు తిరిగి పడుకోవాలి. ఆ రాత్రి మద్యం ముట్టకూడదు, డాక్టరు చెప్పని నిద్రమాత్ర వేసుకోకూడదు.

నెబ్యులైజర్. అదే మందు స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఇన్‌హేలర్‌గా వాడవచ్చేమో ముందే అడిగి మోతాదు రాయించుకోండి.

ఫీడింగ్ పంపు (గొట్టం ద్వారా ఆహారం పంపేది). గ్రావిటీ సెట్‌తో బొట్లు బొట్లుగా ఇవ్వడం నేర్చుకోండి. ఇస్తున్నంతసేపూ తల భాగం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తులో ఉండాలి.

గాలి పరుపు. కరెంటు పోతే మెల్లగా దిగిపోతుంది, పేషెంటు గట్టి మంచానికి తగులుతారు. కింద ముందే ఫోమ్ పరుపు వేసి ఉంచండి. రెండు గంటలకోసారి పక్క మార్చండి, అలారం పెట్టుకుని మరీ.

ఇన్సులిన్. ఫ్రిజ్ తలుపు తెరవకుంటే లోపల దాదాపు నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది. వాడుతున్న సీసా లేదా పెన్ను ఎండ తగలని చోట మామూలు గది వేడిలో, రకాన్ని బట్టి, సాధారణంగా నాలుగు వారాలదాకా ఆగుతుంది. మీ దాని గడువు డబ్బా మీద చూడండి. ఐసు ముక్కలకు ఆనించి పెట్టవద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

పెరిటోనియల్ డయాలిసిస్ (పొట్టలోకి ద్రవం పంపి రక్తం శుద్ధి చేసే పద్ధతి). సైక్లర్ (ఆ ద్రవాన్ని మార్చే మెషిన్) మీద చేసేవాళ్లు చేత్తో మార్చే పద్ధతి నేర్చుకుని, దానికి కావలసిన బ్యాగులు కొన్ని రోజులకు సరిపడా ఉంచుకోవాలి.

## 6. జనరేటర్, కారు

జనరేటర్ ఇంటి బయట, తలుపులకు కిటికీలకు కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ గొట్టం ఇంటికి ఎదురు దిక్కుకు తిప్పి పెట్టాలి. బాల్కనీ, గ్యారేజీ, మెట్ల కింద పనికిరావు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. ఒక విషయం చాలామందికి తెలియదు: ఆ వాయువు ఒంట్లోకి వెళ్లినా పల్స్ ఆక్సీమీటర్ మామూలు అంకె చూపిస్తుంది. కాబట్టి అంకె బాగుందని ఊరుకోవద్దు. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం మొదలైతే బయటికి వచ్చేయండి.

జనరేటర్ స్టార్ట్ చేసి, నిలకడగా నడిచాకే మెషిన్ ప్లగ్ పెట్టండి. మధ్యలో యూపీఎస్ ఉంటే మంచిది. పెట్రోలు వేడి ఇంజన్ మీద పోయవద్దు. జనరేటర్ వైరును గోడ సాకెట్‌లోకి గుచ్చి ఇంటికంతా కరెంటు ఇవ్వాలని చూడవద్దు. అది బయట లైన్ మీద పనిచేసేవాళ్ల ప్రాణం తీయగలదు.

కారు సాకెట్ సాధారణంగా 120 నుంచి 180 వాట్లే ఇస్తుంది. పోర్టబుల్ కాన్సంట్రేటర్, సీప్యాప్ నడుస్తాయి. ఇంట్లో పెట్టుకునే పెద్ద కాన్సంట్రేటర్ నడవదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, ఆరుబయట మాత్రమే.

## 7. కట్టి ఉంచాల్సిన సంచి, గోడ మీది కాగితం

సంచిలో:

- ఛార్జ్ చేసిన టార్చి, తలకు పెట్టుకునే లైటు
- పవర్ బ్యాంకు, ఫోన్ కేబుల్
- పల్స్ ఆక్సీమీటర్, దానికి కొత్త సెల్స్
- అదనపు కాన్యులా (ముక్కుకు పెట్టే ఆక్సిజన్ గొట్టం), గొట్టాలు, మాస్క్, రెగ్యులేటర్ వాషర్లు
- మూడు రోజుల మందులు, ప్రిస్క్రిప్షన్ కాపీ, చివరి డిశ్చార్జి కాగితం
- మెషిన్ సెట్టింగుల ఫొటో ప్రింటు
- చేతిలో పట్టుకునే బ్యాటరీ ఫ్యాను. ముఖానికి గాలి తగిలితే ఆయాసం కాస్త తగ్గినట్టనిపిస్తుంది.

గోడ మీది కాగితంలో పెద్ద అక్షరాలతో డాక్టరు, అంబులెన్స్, సిలిండర్ ఇచ్చేవాళ్లు, కరెంటాఫీసు, దగ్గర్లో ఉండి వెంటనే రాగల ఇద్దరి నంబర్లు రాయండి. ఫోన్లో ఉన్నాయి కదా అనుకోవద్దు. కరెంటు ఎక్కువసేపు పోతే మొబైల్ టవర్ల బ్యాటరీ కూడా అయిపోతుంది, మీ ఫోన్ కూడా.

ఇంట్లో ఇలాంటి పేషెంటు ఉన్నారని కరెంటు సంస్థకు డాక్టరు లెటరుతో రాసివ్వండి. కొన్నిచోట్ల ఇలాంటివారి జాబితా ఉంచి, ముందుగా ప్రకటించిన కోతలు తెలియజేయవచ్చు. అయితే మీ ఇంటికి కరెంటు ఆగదని అది హామీ కాదు.

## 8. కరెంటు పోయింది. ఇప్పుడు ఈ వరుసలో

మొదటి నిమిషం. ముందు పేషెంటును చూడండి, మెషిన్‌ను తర్వాత. ఊపిరి, పెదాల రంగు, మాట. మెషిన్ బ్యాకప్ మీద నడుస్తుంటే సరే. ఆగితే వెంటనే సిలిండర్ లేదా అంబు బ్యాగ్. ఫ్యూజు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

పది నిమిషాల్లోపు. ఆక్సిజన్ శాతం రాయండి. చేతులు చల్లగా ఉంటే, గోళ్ల రంగు ఉంటే అంకె తప్పుగా రావచ్చు. వేలు రుద్ది మళ్లీ చూడండి. కరెంటు పోయింది మీ ఇంట్లోనేనా, వీధంతానా తెలుసుకోండి. అక్కర్లేని స్విచ్‌లన్నీ ఆపేయండి.

అరగంటలోపు. కరెంటాఫీసుకు ఫోన్ చేసి ఎంతసేపు పడుతుందో అడగండి. వాళ్లు చెప్పిన సమయానికి రెట్టింపు అనుకుని లెక్కేసుకోండి. పక్కింటివాళ్లకు, రాగలవాళ్లకు చెప్పండి.

ఆ తర్వాత. ప్రతి అరగంటకు శాచురేషన్, సిలిండర్ ప్రెషర్ రాస్తూ ఉండండి. పేషెంటును కూర్చోబెట్టి, కాస్త ముందుకు వంగేలా దిండు ఇవ్వండి. స్నానం, మెట్లెక్కడం లాంటివి వాయిదా. ఎంత తక్కువ కదిలితే అంత తక్కువ ఆక్సిజన్ సరిపోతుంది. మీ గొంతులో టెన్షన్ వినబడితే వాళ్ల ఊపిరి ఇంకా వేగమవుతుంది. ఏం చేస్తున్నారో నెమ్మదిగా చెబుతూ చేయండి.

## 9. ఇల్లు ఎప్పుడు వదలాలో ముందే తేల్చుకోండి

"ఇంకో అరగంట చూద్దాం" అనే మాటే చాలా ఇళ్లలో ప్రమాదం తెస్తుంది. మా ఇంట్లో పెట్టుకున్న నియమం ఇది: మొత్తం బ్యాకప్‌లో సగం అయిపోయి, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియకపోతే బయల్దేరాలి. మిగిలిన సగం దారికి, ఆలస్యానికి.

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా గడియారం చూడకుండా వెంటనే అంబులెన్స్‌ను పిలవాలి:

- డాక్టరుగారు రాసిచ్చిన అంకె కంటే శాచురేషన్ దిగి, పైకి రాకపోవడం
- పెదాలు, గోళ్లు నీలంగా మారడం
- ఒక వాక్యం కూడా పూర్తిగా మాట్లాడలేకపోవడం
- మత్తుగా, అయోమయంగా ఉండటం

పై అంతస్తులో ఉంటే లిఫ్టు ఉండదని గుర్తుంచుకోండి. పేషెంటును, సిలిండర్‌ను మెట్ల మీదుగా దించడానికి ఎంతమంది కావాలో ఒక పగటిపూట ఖాళీ కుర్చీతో దించి చూడండి. మాకు నలుగురు కావాల్సి వచ్చింది. ఇద్దరు చాలనుకున్నాం.

మెషిన్ పోర్టబుల్ అయితే దాన్ని, ఛార్జర్‌ను వెంట తీసుకెళ్లండి. ఆస్పత్రిలో సరిగ్గా అదే రకం మాస్క్ దొరక్కపోవచ్చు.

## 10. కరెంటు వచ్చాక

వచ్చిన మరుక్షణం మెషిన్ ఆన్ చేయవద్దు. మొదట్లో వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది, మళ్లీ పోవచ్చు కూడా. ప్లగ్ తీసి పది నిమిషాలు ఆగండి. ఆలోపు పేషెంటు సిలిండర్ మీదే ఉండాలి.

కాన్సంట్రేటర్ ఆన్ చేసిన వెంటనే పూర్తి గాఢత ఉన్న ఆక్సిజన్ రాదు. కొన్ని నిమిషాలు నడవనిచ్చి, దాని లైటు మామూలు స్థితికి వచ్చాకే గొట్టం మార్చండి. మార్చాక సిలిండర్ వాల్వ్ మూసి, గొట్టంలో మిగిలింది వదిలి, ఫ్లో సున్నాకు తిప్పండి.

వెంటిలేటర్, బైప్యాప్ సెట్టింగులు మారాయేమో ప్రింటుతో పోల్చి చూడండి. అన్ని బ్యాటరీలూ ఛార్జింగ్‌కు పెట్టండి. వాడిన సిలిండర్ సగానికి దిగితే ఆ రోజే నింపించండి. కోత మళ్లీ ఎప్పుడో చెప్పి రాదు.

చివరగా నోటుబుక్ తీసి రాయండి: కరెంటు ఎన్నింటికి పోయింది, ఇన్వర్టర్ నిజంగా ఎంతసేపు ఆగింది, సిలిండర్ ఎన్ని బార్లు తగ్గింది, చీకట్లో ఏ వస్తువు కోసం వెతికారు. ఆ వెతికిన వస్తువును ఇప్పుడే తెచ్చి మంచం పక్కన పెట్టండి.